పంట్లాం ఏసుకుని పిల్లనడగబోతే

తిట్టుకోండి, నవ్వుకోండి, మీ ఇష్టం. ఆ కోటు మాత్రం నాకు బాగానే ఉండేది. ఆ ఒక్క మాట మీద నాను ఎవుడికీ లొంగను.

పార్వతీపురంలో దర్జీ తాతారావు కుట్టినాడు. కొండల్లో రోడ్డేయించే ఓవర్సీరు కాడ నాకు ఉజ్జోగం. ఆయన తెలుగులో సెప్పింది మా కొండోళ్లకి మా బాసలో సెప్పాల, అంతే. పనిముట్లు తెమ్మని పార్వతీపురం పంపితే, ఎల్లినోణ్ణి ఎల్లినట్టే తాతారావు కొట్లో దూరినాను. "దొరల బట్టంటే గోనెసంచి కాదురా గాసీ. ఒంటికి అతుక్కోకూడదు, ఒంటిమీంచి జారకూడదు" అని నా సేతులెత్తించి, ఒంగోబెట్టి, కూకోబెట్టి మరీ సూసినాడు. భుజం కుట్టు భుజం ఎముక మీదే నిలవాల. సెయ్యి మణికట్టు దాటకూడదు. పంట్లాం అంచు జోడుని తాకీ తాకనట్టుండాల. కొండోడికి ఇంత సక్కగా అమరడం ఎక్కడా సూళ్లేదన్నాడు. నాను పొంగిపోనాను. ఎందుకు పొంగనూ?

అదంతా బుదరి కోసం. మంగ్లు మావ కూతురు. సంతలో కనబడితే సింతపండు గంప దించి మరీ నవ్వేది, దొంగసచ్చింది. మా కొండల్లో పిల్లనడగడానికి నోరక్కర్లేదు. జీలుగు కల్లు కుండ తీసుకెళ్లి ఆళ్ల గడప కాడ పెట్టాల. పొద్దుగూకే లోపల ఇంటిల్లిపాదీ తలో డొప్పెడు తాగితే పిల్లనిచ్చినట్టు. తాగకపోతే ఇంట్లో ముసిల్ది ఆ కల్లు నేల మీద ఒంపీస్తాది. ఇంక జన్మలో ఆ గడప తొక్కకూడదు. పెట్టిన కుండ ఎనక్కి ఎత్తుకుపోడం కూడా లేదు.

అంచేత తల దువ్వుకుని, కోటూ పంట్లాం ఏసుకుని, కుండ పట్టుకుని మజ్జాన్నం ఆళ్లూరు ఎక్కినాను. మలుపు తిరిగేసరికి ఎవుడో కూతేసినాడు. ఊళ్లోకెళ్తే ఏటుంది? కుక్కలు, కోళ్లు. పొయ్యి మీద సోడంబలి కుతకుతా ఉడుకుతంది, కలిపేవోళ్లు లేరు. రోట్లో సామలు సగం దంచి ఒగ్గీసినారు. ఓలమ్మ! ఊరు ఊరంతా అడివిలోకి లగెత్తీసింది.

ఎందుకో నాకు తెలీదేటి? మా కొండల్లో పంట్లాం కనబడితే అంతే. వెట్టికి లాక్కుపోడానికి ఎవుడో వచ్చినాడని అర్థం. సిన్నప్పుడు నానూ అలగే లగెత్తినాను. కానీ నాను గాసిని కదా! "ఒరే, నానురా! గాసిని!" అని గొంతు సించుకున్నాను. ఒక్కడూ బయటికి రాలేదు. పోల్చుకుంటే బేగి వచ్చీస్తార్లే అని కుండ గడప కాడ పెట్టీసినాను. అదీ నా తెలివి.

"వచ్చినావేట్రా?" అని లోపల్నించి మూలుగు. మంగ్లు మావ తల్లి దేముడమ్మ. నడుం పడిపోయి పరిగెట్టలేక ఇంట్లోనే మిగిలిపోనాది. పాక్కుంటా వచ్చి నా పక్కన కూకుని కోటు సెయ్యి తడిమింది.

"మెత్తగుందిరా. నీ కొలతకే కుట్టినారేటి?"

"నా కొలతకే మామ్మా."

"అయ్యో. ఎవుడిదో అడిగి తెచ్చుకున్నావనుకున్నాను. ఎరువు బట్టయితే తిరిగిచ్చీస్తావు కదా."

నాకు ఒళ్లు మండింది. పొద్దు వాలతంది. రోడ్డు పని కాడ గుమస్తాలు కొండోడని నన్ను పక్కన కూకోనివ్వరు. ఇక్కడ నా మనుషులే నన్ను సూసి అడివి పట్టినారు. మరి నాను ఎక్కడ కూకోవాల? ఏడుపొచ్చింది. ఏడిసినాను కూడా, నాకేం సిగ్గు లేదు.

"మామ్మా, నానని తెలిస్తే వత్తారు కదా?"

"తెలుసురా" అంది. "నువ్వు మలుపు కాడుండగానే బుదరి పోల్చింది. 'గాసిగాడే, నడక అదే' అంది. తెలీనోడైతే ఊరెనక పొదల్లో దాక్కునేవోళ్లు. ఆ పొదలన్నీ నీకు తెలుసు కదా నాయనా. అందుకే శానా దూరం పోనారు."

"నానెవుణ్ణీ పట్టివ్వలేదు మామ్మా! ఓవర్సీరు అన్నది సెప్తాను, అంతే!"

"ఆయన నోరు మాకు తెలీదు. మాకు తెలిసింది నీ నోరే."

పోనీ నువ్వయినా ఒక్క డొప్పెడు తాగు మామ్మా అని కాళ్లట్టుకున్నాను. "నా ఒక్కదాని నోటితో అయిపోద్దేటి పెళ్లి?" అని కాళ్లు లాగీసుకుంది.

లెగిసి కోటిప్పీసినాను. సొక్కా, పంట్లాం, అన్నీ ఇప్పీసి గోచీతో నిలబడ్డాను. సలికి ఒణుకొచ్చీసింది. ముసిల్దానికి జాలేసినట్టుంది. "రండే! ఇప్పీసినాడు! మన గాసే!" అని కొండ కేసి కూతేసింది.

ఎంతసేపటికో వలిసె సేను గట్టు మీద బుదరి ఒక్కతీ కనబడింది. పచ్చటి పూలల్లో నడుం దాకా నిలబడి, ఇంక దగ్గిరకి రాలేదు.

"గాసీ! రేపు మళ్లీ ఏసుకుంటావా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఏసుకోనని నాను అంటే ఆ పిల్ల గట్టు దిగీసును. నాకు తెలుసు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది, కల్లు నురగ కట్టుకుని గడప కాడే ఉంది. కానీ తెల్లారితే ఓవర్సీరు కూలోళ్ల కోసం ఈ ఊరికే వత్తాడు. ముందు నడవమన్నది నన్నే. రానని ఆయనకి సెప్పే గుండె నాకు లేదు, లేదని ఆ పిల్లకి సెప్పే నోరూ లేదు.

పొద్దు పూర్తిగా కిందకి దిగేదాకా సూసింది. అప్పుడు ఎనక్కి తిరిగి అడివిలోకి ఎల్లిపోనాది.

దేముడమ్మ గడప పట్టుకుని లెగిసింది. "అడ్డు తప్పుకో నాయనా" అని కుండ ఒంపీసింది.