సర్దారు కోసం ఆగిన వడిసెల

పెళ్లయి నాలుగు నెలలైనా, తెల్లారడం నీలమ్మకు ఇంకా పండుగలాగే ఉండేది. లేవగానే వసారాలోకి పోయి పంజరం మీద కప్పిన పాత ధోవతి తొలగించేది. లోపల రెండు చిలుకలు ఒకేసారి తలలు పక్కకు వంచి ఆమెను చూసేవి. మెడ చుట్టూ గులాబీ గీత ఉన్నవాడు సర్దారు, గీత లేనిది పుట్టి. సర్దారు ఎడమ కాలితో జామపండు ముక్క అందుకుని, పెద్దమనిషిలా కళ్లు అరమూసి కొరికేవాడు. శనగగింజను ముక్కులో తిప్పి తిప్పి పొట్టు మాత్రం కిందికి వదిలేవాడు. రోజూ చూసేదే అయినా నీలమ్మ రోజూ నవ్వేది.

"నన్ను చూసి ఎన్నడన్న గట్ల నవ్వినవా?" అని వేపపుల్ల నములుతూ అడిగేవాడు భర్త శంకరప్ప.

"నువ్వు గూడ కాలితోని జామకాయ తిను, నవ్వుత."

నారాయణఖేడ్‌కు కోడలిగా రాకముందు, ఆ ఏడే, అంటే ఎనభై ఆరులో, నీలమ్మ సంగారెడ్డిలో జంతుశాస్త్రం చదివి బీఎస్సీ పాసైంది. పక్షి రెక్క బొమ్మ గీసి ఏ ఈక ఎందుకో చెప్పగలదు. చిలుకను సాకడం మాత్రం అత్త సంగమ్మ దగ్గరే నేర్చుకుంది. నీళ్ల చిప్పను రోజూ బూడిదతో తోమాలి. ఉప్పు తగిలిన అన్నం పెట్టరాదు. కూర్చునే పుల్ల వేపదైతే మంచిది, కొరికి కొరికి ముక్కు అరగదీసుకుంటాయి. ఇల్లంతా తాళం వేసి ఊరికి పోరాదు. కల్హేర్‌లో సొంత చెల్లెలి బిడ్డ పెళ్లికి కూడా సంగమ్మ పొద్దున పోయి, అక్షింతలు పడగానే బస్సెక్కి వచ్చేసిందట. "గవి నోరు తెరిచి ఆకలైతుందని చెప్తయా? మనమే సూసుకోవాలె," అనేది. కాలేజీలో పాఠాలు చెప్పిన వాళ్లెవరూ నీలమ్మకు అంత గొప్పగా తోచలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆమె అత్త మాట సాగనివ్వలేదు. వానాకాలంలో చిలుకలు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. పగలంతా పంజరం తలుపు తీసే ఉంచుతారు కనుక, ఎగిరిపోకుండా రెక్కల కొసన నాలుగైదు ఈకలు కత్తిరించడం ఆ ఇంటి పద్ధతి. పుట్టి రెక్కలు కత్తిరించడం అయిపోయింది. సర్దారును పట్టుకోబోతుంటే నీలమ్మ అడ్డం వచ్చింది.

"అత్తమ్మా, గా పచ్చ రంగు జూడు. కొయ్యబుద్ధి ఎట్లయితది? ఈ ఒక్కపారి ఉండనియ్యి."

"ఎగిరిపోతేనో?"

"ఎందుకు పోతడు? మనం మంచిగ జూస్తలేమా?"

సంగమ్మ, "సదువుకున్నదానివి, నీకే ఎరుక," అని కత్తెర గూట్లో పెట్టేసింది.

జొన్న కంకులు పాలు పోసుకునే రోజులు వచ్చాయి. ఒక పొద్దున చిలుకల గుంపు అరుస్తూ ఇంటి మీదుగా పోయింది. పంజరం పైన కూర్చున్న సర్దారు మెడ నిక్కించి విన్నాడు. రెండుసార్లు రెక్కలు కొట్టాడు. పెంకులు దాటి, గుంపు వెంట పోయాడు. నీలమ్మ చేతిలో జామపండు ముక్క అలాగే ఉంది.

పోయాడన్న బాధ కంటే ఎటు పోయాడన్నదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ గుంపు దిగేది కంగ్టి ఊరికి పోయే దారిలో ఉన్న తమ జొన్నచేనులోనే. అక్కడ మంచె మీద మామ మొగులప్ప కూర్చుని, తాడు మడత మధ్య రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే వడిసెలతో పిట్టలను తోలుతుంటాడు. ఆయన గురి తప్పదు. పగలంతా చేనులో చిలుకలను కొట్టి, సాయంత్రం ఇంటి చిలుకలకని ఏరి ఏరి పాలకంకి తెచ్చే మనిషి ఆయన.

శంకరప్ప సైకిలు తీశాడు. సంగమ్మ పుట్టిని చిన్న పంజరంలో పెట్టి కోడలి ఒళ్లో ఉంచింది. "దీని గొంతు వానికెరుక. పోండ్రి జల్దీ, నేను నడిసొస్త."

సైకిలు ఆగకముందే నీలమ్మ దిగి గట్టు మీద పరుగెత్తింది. "మామా, రాయి ఇడువకు. మన సర్దారు గా గుంపుల ఉన్నడు."

గాలిలోకి లేచిన మొగులప్ప చెయ్యి ఆగింది. "ఏది, గిన్నిట్ల ఎవడు సర్దారు?"

నీలమ్మ చూసింది. వందకు పైగా చిలుకలు, అన్నీ పచ్చగా, అన్నీ ఒకేలా. "తెలుస్తలేదు మామా."

ఆయన చేను వైపు చూశాడు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికి రొట్టె అక్కడి నుంచే రావాలి. వడిసెలలో రాయి తీసి మంచె చెక్క మీద పెట్టాడు. తాడు చుట్టి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. "ఎంతసేపు ఆగాలె?" అని అడిగి, ఆమె ముఖం చూసి, "సరె, దొరికెదాక," అని తనే చెప్పుకున్నాడు.

పక్క చేనులో పిట్టలను తోలడానికి డబ్బా వాయిస్తున్న భీమమ్మ ఇది చూసింది. "ఏం మొగులన్నా, సిలుకలకు దావత్ ఇస్తున్నవా?"

"అవునే, మా కోడలి దిక్కు చుట్టాలు. జర నీ డబ్బా ఆపు."

"మీ చుట్టాలకు నేను గూడ పెట్టాలెనా?" అంటూనే భీమమ్మ డబ్బా కింద పెట్టింది.

మంచె మీదికి ఎక్కించిన పంజరంలో పుట్టి గొంతు చించుకుంది. గుంపు తన పనిలో తనుంది. చిలుకలు ఊగే కంకి మీద తలకిందులుగా వేలాడుతూ, పాలగింజ నొక్కి, తొక్క ఉమ్మి, పక్క కంకికి జారుతున్నాయి. చేనంతా చిటపట చప్పుడు. కన్నీళ్ల మధ్య కూడా నీలమ్మకు అది అందంగానే కనిపించింది. దాంతో ఇంకా సిగ్గేసింది.

అప్పుడు శంకరప్ప వేలితో చూపించాడు. ఒక చిలుక కంకి మీద వాలడం, అది ఊగగానే పట్టు తప్పి జారడం, మళ్లీ ఎగరడం. వసారాలో కదలని పుల్ల మీద పెరిగినవాడికి ఊగే కంకి ఏం తెలుస్తుంది? నాలుగోసారి పడి, గట్టు మీదికి నడిచి వచ్చి నిలబడ్డాడు. నీలమ్మ చెయ్యి చాపి దగ్గరికి పోయింది. ఎగిరి అవతలి గట్టున వాలాడు. మళ్లీ పోయింది. మళ్లీ ఎగిరాడు.

"ఎంట వడకు బిడ్డా," అంది వెనక నుంచి సంగమ్మ, ఆయాసపడుతూ. కొంగు విప్పి సగం రొట్టె కోడలి చేతిలో పెట్టింది. "వాని దిక్కు జూడకు. కూసోని తిను. మనం తింటుంటె పక్కకు రాకుంట ఎన్నడన్న ఉన్నడా?"

నీలమ్మ గట్టు మీద కూర్చుని రొట్టె నమిలింది. చేనులో గింజలు పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి చీర అంచు దగ్గర గడ్డి కదిలింది. మోకాలి మీద గోళ్లు గుచ్చుకున్నాయి. సర్దారు ముక్కుతో చీర పట్టుకుని ఎక్కి, మణికట్టు మీద నిలబడి, ఆమె చేతిలోని రొట్టెను తనదే అన్నట్టు లాక్కున్నాడు. మెల్లగా కొంగు కప్పి రెండు చేతులతో పట్టుకుంటే, వేలు కొరికాడు. నీలమ్మ నవ్విందో ఏడ్చిందో శంకరప్పకు తెలియలేదు.

"అత్తమ్మా, ఇంటికి పోంగనె కత్తెర నాకియ్యి. నేనే కోస్త."

"నువ్వు పట్టుకో సాలు. ఈపారి నేనే కోస్త. వచ్చే వానకాలం కోద్దువు గని."

మొగులప్ప మంచె దిగి, ఒక వరుసలో గింజలు పోయి బోడిగా నిలిచిన కంకులను వేళ్లతో తడుముతూ నడిచాడు. నీలమ్మ తలవంచుకుంది. ఆయన ఆమె కొంగులోకి తొంగిచూసి, "గింతమంది తిన్నరు, నీకే కడుపు నిండలే," అన్నాడు సర్దారుతో.

శంకరప్ప హ్యాండిల్‌కు పుట్టి పంజరం తగిలించి సైకిలెక్కాడు. నీలమ్మ వెనక కూర్చుని సర్దారును గుండెకు ఆనించుకుంది. ఇద్దరూ రోడ్డెక్కి చింతచెట్ల మలుపు దాటేదాకా మొగులప్ప మళ్లీ మంచె ఎక్కి ఊరికే కూర్చున్నాడు. తరువాత వడిసెల విప్పి, రాయి అందుకున్నాడు.