బుట్టలో పడ్డ నీటిమట్టం

రాజధాని పోర్ట్ విలాలో రెండు రోజులుగా ఆగని వాన. ఆఫీసు తెరమీద శాంటో దీవిలోని నది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు రెండు మీటర్ల దగ్గరే ఉంది. లెయ్‌మారాకు కాలు నిలవడం లేదు. చెల్లెలు రోసెలిన్ ముగ్గురు పిల్లలతో ఆ నది ఒడ్డునే ఉంటోంది.

నది కొలిచేవాళ్లు ఫోన్లో మట్టం పంపుతారు. వచ్చింది సంఖ్యేనా కాదా అని చూసే కోడ్ రాసింది లెయ్‌మారాయే. మొదట్లో వాళ్లు "చేపలు బాగా పడ్డాయి", "మా కోడలు ప్రసవించింది" అని కూడా పంపేవారు. ఒళ్లుమండి, సంఖ్య కానిదల్లా కంప్యూటర్ చెత్తబుట్టలో పడేటట్టు, తెరమీద పాత మట్టమే ఉండేటట్టు రాసింది. ఇక దోమ కూడా దూరదని అందరి దగ్గరా గొప్పలు పోయింది. మట్టం నాలుగు దాటితే ఊరు ఖాళీ చేయమని హెచ్చరిక దానంతటదే వెళ్లాలి.

మనసాగక బుట్ట తెరిచింది. 2,8. 3,5. 4,1. అన్నీ ఈ పొద్దుటివే, చెల్లెలి ఊళ్లో నది కొలిచే ఫిర్మిన్ పంపినవి. ఫిర్మిన్ ఫ్రెంచి బడిలో చదివినవాడు. దశాంశానికి వాళ్లు చుక్క పెట్టరు, కామా పెడతారు. ఇంగ్లీషు బడిలో చదివిన తనకు చుక్క తప్ప తెలియదు. సోమవారమే పనిలో చేరాడాయన. నిన్నటిదాకా నది సరిగ్గా రెండు మీటర్లే కాబట్టి ఒట్టి 2 పంపాడు, చెల్లిపోయింది.

వెంటనే ఫిర్మిన్‌కి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఊళ్లోవాళ్లు ఎక్కడున్నారు?"

"ఇప్పుడా అడిగేది? మూడుసార్లు పంపాను, మీ మెషీన్ ఉలకదు పలకదు! నేనే గ్యాస్ బండను గంటలా వాయించి అందర్నీ చర్చి గుట్ట ఎక్కించా. మీ చెల్లెలొక్కతే మొండికేసింది. మా అక్క మెషీన్ చెప్పందే కదలదట!"

ఆ ఫోన్ పెట్టేసి చెల్లెలికి కలిపింది.

"రోసీ, పిల్లల్ని తీసుకుని గుట్టెక్కు!"

"ఎందుకక్కా కంగారు? ఫోన్లో చూస్తూనే ఉన్నా, రెండేగా. ఆకుల్లో చుట్టి పెట్టిన లాప్‌లాప్ ఇంకా ఉడకలేదు."

"అది అబద్ధమే! తప్పు నాది, నేనే తప్పు రాశాను. లాప్‌లాప్ పాడుగాను, పరిగెత్తు!"

అవతల పిల్లల్ని పేరుపేరునా అరిచి పిలుస్తున్న గొంతు. అంతలో లైను తెగిపోయింది.

లెయ్‌మారా కామాను కూడా ఒప్పుకునేలా కోడ్ మార్చి, బుట్టలోని సంఖ్యల్ని మళ్లీ ఎక్కించింది. హెచ్చరికతో తెర ఎర్రబడింది. ఎర్రబడి ఇప్పుడేం లాభం? ఫోన్ కలవదు. కిటికీకీ కుర్చీకీ మధ్య గంటసేపు కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

అప్పుడు బుట్టలో ఇంకొకటి పడింది. సంఖ్య కాదని ఆమె కోడే తోసేసిన ఫిర్మిన్ సందేశం: "5,2. నలుగురూ గుట్ట మీదున్నారు. లాప్‌లాప్ నదిలో పోయిందని మీ చెల్లి నిన్ను తిడుతోంది."

లెయ్‌మారా ఆ బుట్ట ముందే కూలబడి బావురుమంది.