బల్లుల్ని వెళ్ళగొట్టిన ఇల్లు

పర్యాటక శాఖలో కరపత్రాలు రాసే ఆయన్ని ఇంట్లో బావగారు ‘కరపత్రం’ అనే పిలిచేవాడు. పేరు పెట్టడంలో అన్యాయమేమీ లేదు. దాహమేస్తే అందరిలా మంచినీళ్ళు అడిగే మనిషి కాదు, ‘చల్లని, తేటైన’ అని మొదలుపెడితే గానీ గ్లాసు దాకా రాడు. తమ వేడి దేశాన్ని చూడవచ్చేవాళ్ళకీ, నచ్చితే ఇక్కడే ఉండిపోదామనుకునేవాళ్ళకీ ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఎండ బంగారం, వాన ముత్యాలు. చెమట అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. దోమ ఊసే లేదు.

ఆ పుస్తకం తిరిగి తిరిగి, మనవాళ్ళు కొందరు ఎప్పుడో వెళ్ళి స్థిరపడిన ఒక చలిదేశంలో భూగోళం చెప్పే పంతులమ్మ చేతిలో పడింది. ‘గాలిలో చెమ్మ ఎంత? ఉతికిన బట్టలు ఎంతసేపటికి ఆరతాయి?’ అని ఆవిడ ఉత్తరం రాసింది. ‘మా గాలి పసిపాప చెక్కిలిలా మెత్తన’ అని ఈయన జవాబు రాశాడు. ‘నేనడిగింది అది కాదు’ అని ఆవిడ మళ్ళీ రాసింది. అలా మొదలైన తగువు ఉత్తరాల నుంచి ఫోన్లలోకి, ఫోన్ల నుంచి పెళ్ళి మాటలోకి వచ్చేసింది. నలభై దాటిన బ్రహ్మచారికి ఆ తగువు లేకపోతే ముద్ద దిగని పరిస్థితి.

చివరికి ఆవిడ తేల్చి చెప్పింది. “ముందు వచ్చి మీ ఇంట్లో కొన్నాళ్ళు ఉంటాను. ఉండగలననిపిస్తే పెళ్ళి. లేకపోతే ఎవరి దారి వారిది.”

అంతే, కరపత్రానికి ఇల్లంతా తప్పుల తడకలా కనిపించడం మొదలుపెట్టింది. గోడ మీద బల్లులు. వంటింటి బీరువా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళు పోసిన గిన్నెలు. ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు. బట్టల బీరువాలో పగలూ రాత్రీ వెలిగే చిన్న బల్బు. ముందుగది మూల కారే కప్పు కింద ఒక బకెట్.

“ఇవన్నీ తీసెయ్యాలి,” అన్నాడు అక్కతో. “చూస్తే ఏమనుకుంటుంది?”

“బల్లులు ఏం చేశాయిరా నిన్ను?” అంది అక్క. “నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయి ఇక్కడ.”

“మన కళ్ళకి అలవాటే అక్కా. ఆవిడకి మొదటిచూపు కదా.”

అక్క గొణిగింది గానీ, తమ్ముడి ముఖం చూసి కాదనలేకపోయింది. బావగారు మాత్రం పండగ చేసుకున్నాడు. పాత టోపీ పెట్టె ఒకటి పట్టుకుని, కుర్చీలెక్కి దిగి, బల్లుల్ని ఒక్కొక్కటే పట్టి పక్కింటి టైలరు గోడ మీద దింపి వచ్చాడు. గిన్నెలు, గింజలు, బల్బు, బకెట్ అటక ఎక్కాయి. ఇల్లు అచ్చం పుస్తకంలో ఫోటోలా తయారైంది.

పంతులమ్మ వచ్చింది. గది చూసి బాగుందంది. కోటూ, తోలు బూట్లూ బీరువాలో పెట్టింది. మిగతా బట్టలన్నీ పెట్టెలోనే ఉంచి, కావలసింది తీసుకుని మళ్ళీ తాళం వేసుకునేది. ఆ తాళం చప్పుడు విన్నప్పుడల్లా కరపత్రానికి గుండెలో రాయి పడేది.

సాయంత్రం వాన పడింది. “చిరుజల్లు,” అన్నాడాయన, కిటికీ రెక్క గాలికి ఊడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని. వాన తగ్గగానే దీపం చుట్టూ ఉసిళ్ళు దిగాయి. గోడ మీద కాపలా లేదు, అడ్డేముంది? టీలో పడ్డాయి, రొట్టె మీద రెక్కలు రాల్చాయి, ఒకటి పంతులమ్మ కళ్ళజోడు లోపలికే దూరింది. ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టింది.

పొద్దున చూస్తే వంటింటి బీరువాలో చీమలు చక్కెర డబ్బా కొల్లగొడుతున్నాయి. ఉప్పు డబ్బా ఎంత దులిపినా పలుకు రాలలేదు. బావగారు బల్లకేసి కొడితే మూత ఊడి, ఉప్పంతా గడ్డగా ఆయన పళ్ళెంలోనే పడింది. ఇక ముందుగది మూల నుంచి చినుకులు సరాసరి పంతులమ్మ చదువుకునే కుర్చీలోకి.

“ఎప్పుడూ ఇలా ఉండదండీ,” అని నీళ్ళు నమిలాడు కరపత్రం. ఆ మాటలో అబద్ధం లేకపోవడమే అసలు విచిత్రం.

ఇంకొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఆవిడ బీరువా తెరిచింది. బూట్లకి ఆకుపచ్చ గడ్డం మొలిచింది. కోటు కాలరు మీద తెల్లటి బూజు. రెండూ పట్టుకొచ్చి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

“ఒక్క మాట చెప్పండి,” అంది. “ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో మీరంతా ఎలా బతికారు?”

కరపత్రం నోరు తెరిచాడు. ‘మా దేశంలో’ అన్నంత వరకూ వచ్చింది గానీ ఆ పైన ఒక్క విశేషణం కూడా సాయం రాలేదు.

అక్కకి ఓపిక నశించింది. “శుభ్రంగానే బతికాం తల్లీ. వీడే అన్నీ పీకి అటక మీద పడేయించాడు. బల్లుల్ని కూడా వెళ్ళగొట్టించాడు మహానుభావుడు.”

పంతులమ్మ ఆయన వైపు తిరిగింది. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ చూపులో. “మొదటి ఉత్తరంలోనే అడిగాను, చెమ్మ ఎంత అని. దానికి భయపడి కాదు, దాంతో ఎలా వేగుతారో తెలుసుకుందామని. ఇప్పటికీ చెప్పలేదు మీరు.”

ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. “వెళ్ళిపోతారని భయం,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత పొట్టి వాక్యం ఆయన నోటి నుంచి రాలేదు.

తర్వాత అటక ఎక్కాడు. బల్బు దించి బీరువాలో పెట్టి వెలిగించాడు. “ఇది వెలుగుతుంటే బట్టలకి బూజు పట్టదు. ఆర్పామా, ఇదిగో ఇంతే. గిన్నెల్లో నీళ్ళుంటే చీమలు దాటలేవు. గింజలు చెమ్మ పీల్చుకుంటాయి, ఉప్పు గడ్డ కట్టదు. ఇక్కడ చెమట పడుతుంది, బాగా పడుతుంది. దోమలు కుడతాయి. బిందె గానీ బుట్ట గానీ, చాలాకాలం వాడనిది ఏదైనా బోర్లించి పెట్టాలి. లేకపోతే అందులో ఏదో ఒకటి కాపురం పెడుతుంది.”

ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా విన్నది. పుస్తకం గురించి ఎన్నడూ అనని మాట అప్పుడంది, “ఇది బాగుంది.”

బావగారు టోపీ పెట్టె తీసుకుని పక్కింటికి వెళ్ళాడు. “మా బల్లులు ఇప్పించండి,” అంటే టైలరు కుట్టు మిషను ఆపి ఎగాదిగా చూశాడు.

“వాటంతట అవి వచ్చాయి, హాయిగా ఉన్నాయి. పొమ్మని ఎలా అంటాను?” అన్నాడు. చివరికి రెండు చొక్కాలు కుట్టించుకుంటానని మాటిచ్చాక మూడు బల్లులు వదిలాడు.

ఆవిడ తిరుగు ప్రయాణం రోజు రానే వచ్చింది. బల్లులున్నా, బల్బున్నా, పెట్టె తాళం చప్పుడు మాత్రం ముందు రోజు దాకా వినిపిస్తూనే ఉంది. అడగడానికి కరపత్రానికి ధైర్యం చాల్లేదు. పొద్దున్నే కారు పిలిపించి, పెట్టె కారెక్కిద్దామని గది తలుపు తట్టాడు. గదిలో ఎవరూ లేరు. వంటింట్లోంచి, “వదినా, ఈ గిన్నెలో నీళ్ళు అయిపోయాయి,” అని ఆవిడ గొంతు వినబడింది.

ఆయన బీరువా తెరిచాడు. బల్బు వెలుగుతోంది. కోటు పక్కన చీరలు, జాకెట్లు, రుమాళ్ళు, అన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. పెట్టె కోసం చుట్టూ చూశాడు. ఖాళీ పెట్టె మంచం కింద, బోర్లించి ఉంది.