సాలింగ్ తిన్న పన్సిట్

మా అమ్మ పుట్టినరోజు కోసం లోరెతా కొత్త బాణలి కొన్నది. పాతదానికి చిల్లు పడలేదు, పిడి ఊడలేదు. మా పెళ్ళయిన నాటి నుంచి అందులో పంది మాంసం వేగుతూనే ఉంది కాబట్టి ఎంత తోమినా ఆ కొవ్వు ఇనుములోకి ఇంకి ఉంటుందని నా భార్య అనుమానం.

"రోజూ తోముతూనే ఉన్నావుగా" అన్నాను.

"నీకయితే ఆ తోముడు చాలు. ఇది సాలింగ్‌కి" అంది.

సాలింగ్ నా చెల్లెలు. అసలు పేరు రొసాలియా. నదికి అవతలి ఒడ్డున ఉంటుంది. ఎఫ్రాయిమ్‌ను చేసుకున్నాక అతని సంఘంలో చేరింది. వాళ్ళు శనివారం ఆరాధనకు వెళతారు. పంది, రొయ్య, పీత, గుల్ల ముట్టరు. మేము ఆదివారం పూజకు వెళ్ళే వాళ్ళం. ఫాదరుగారు రాని వారాల్లో మా వాడ గుడిలో ప్రార్థన నడిపించేది నేనే. ఆమె సంఘం మారినప్పుడు ఇంట్లో ఎవరూ కేకలు వేయలేదు. అమ్మ మాత్రం, "అక్కడ కూడా ప్రభువునే కదా తలుస్తారు" అని అడిగి, అవునంటే ఊరుకుంది.

ఊరుకోలేనిది తిండి దగ్గర. సాలింగ్ వచ్చినప్పుడల్లా టిఫిన్ డబ్బా తెచ్చుకునేది. వసారాలో కూర్చుని, అందులోది తిని, డబ్బా కడిగి, సంచిలో పెట్టుకునేది. మర్చిపోయి తేని రోజు "ఇప్పుడే తిన్నాను నానాయ్" అని అమ్మతో అనేది. ఆమె వెళ్ళాక అమ్మ, ఆమె కోసం పెట్టి ఎవరూ తినని పళ్ళాన్ని మళ్ళీ ఒకసారి కడిగేది.

ఈ ఏడు ఏం కావాలని అడిగితే అమ్మ ఆలోచించనైనా లేదు. "కేకు వద్దు, బట్టలు వద్దు. నా పిల్లలిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక గిన్నెలోది తినాలి. అది చూసి పోతాను."

"ఎక్కడికి పోతావు?"

"నీకెందుకురా తోతో, ముందు చెల్లెల్ని పిలువు" అంది, నా చిన్ననాటి ముద్దుపేరుతో.

నేను పడవ ఎక్కి వెళ్ళి పిలిచాను. పంది ఉండదు, రొయ్య ఉండదు, గుల్లల సాసు కూడా వెయ్యం, బాణలి కూడా కొత్తది అని చెప్పాను. సాలింగ్ మొగుడి వైపు చూసింది. ఎఫ్రాయిమ్ పకపకా నవ్వాడు.

"మా కోసం బాణలి కొన్నారా బావా? ఇంకేం మరి! సాలింగ్, ఆ డబ్బా ఇంట్లో పెట్టి వెళ్ళు. మీ అన్న మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతాం?"

ఆ రోజు పై ఊళ్ళో ఎవరిదో అంత్యక్రియలున్నాయి కాబట్టి తాను మాత్రం రాలేనన్నాడు. మంచివాడు. అతని మీద నాకెప్పుడూ కోపం లేదు.

పుట్టినరోజు ఆదివారం పడింది. పూజ నుంచి రాగానే లోరెతా పొయ్యి వెలిగించింది. కోడిని ఉడికించి మాంసం పీచులుగా తీసింది, ఉడికిన నీళ్ళు పక్కన పెట్టింది. క్యాబేజీ, క్యారెట్టు, లేత బఠానీ కాయలు తరిగింది. సన్నటి బియ్యపు సేమ్యాను నీళ్ళలో వేసి, మెత్తబడిందా లేదా అని మాటిమాటికీ వేలితో చూస్తోంది. ఎక్కువ నానితే ముద్దవుతుంది, తక్కువ నానితే బాణలిలో విరుగుతుంది. పన్సిట్ అంటే ఈ సేమ్యా వంటకమే; పుట్టినరోజు పన్సిట్‌లో పోగు విరిగితే ఆయుష్షు తగ్గుతుందంటారు. నేను దాన్ని పెద్దగా నమ్మను. అయినా ఆమె కట్టను రెండుగా విరవబోతుంటే "వద్దులే" అన్నది నేనే.

అమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది.

"రొయ్య లేదు. పంది లేదు. చైనా సాసేజీ లేదు. ఇది పన్సిట్టా, ఆస్పత్రి తిండా?"

"మీ అమ్మాయి తినే పన్సిట్ అత్తయ్యా."

"నా అమ్మాయి తినేది ఇది కాదు. నా అమ్మాయి ఆ రోలు ముందు కూర్చుని రొయ్య తలలు దంచేది. దంచి, గుడ్డలో పిండి, వేళ్ళు నాక్కునేది."

అది నిజం. మా వైపు పన్సిట్‌కు రుచి ఆ రసంతోనే వస్తుంది. రొయ్యలు ఒలిచాక తలలు పారెయ్యరు. దంచి, నీళ్ళు పోసి వడకడితే ఎర్రగా చిక్కటి రసం దిగుతుంది. సేమ్యా తాగేది ఆ రసమే.

"ఇవాళ కోడి నీళ్ళు తాగుతుంది లెండి" అంది లోరెతా. "వెల్లుల్లి ఎక్కువ వేశాను. చేపల సాసు వాళ్ళకి పరవాలేదట, అడిగి కనుక్కున్నాను."

"చప్పగా ఉంటుంది."

"కలమాన్సి నిమ్మకాయ పిండుకుంటారు."

"చప్పటి దాని మీద పులుపు పిండుకుంటే పుల్లటి చప్ప" అంది అమ్మ. లోరెతాకు నవ్వొచ్చి గరిటె పక్కన పెట్టేసింది.

కూరలు వేగాయి. కోడి నీళ్ళు పోసి, సేమ్యా వేసి, రెండు గరిటెలతో పైకెత్తి కలిపింది. రుచి చూసి తల ఊపింది. అంతలో గేటు దగ్గర నుంచి, "మనోంగ్! ఇంట్లో ఎవరూ లేరా?" అని అన్నయ్యను పిలిచే నా చెల్లెలి గొంతు.

"అత్తయ్యా, అడుగంటకుండా చూడండి" అని లోరెతా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నేనూ వెళ్ళాను.

సాలింగ్ చేతిలో డబ్బా లేదు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో అమ్మ కోసం పూలు. మా చూపు ఆ చేతుల మీదే ఉందని ఆమెకు తెలిసి, "ఏంటి అలా చూస్తారు, నా చేతికి ఆరో వేలు మొలిచిందా?" అంది. ముగ్గురం నవ్వాం.

అమ్మ కాసేపయ్యాక వచ్చింది, పావడాకు చేయి తుడుచుకుంటూ. సాలింగ్ వంగి, అమ్మ చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకుంది. ఆ చేతిని వెంటనే వదలలేదు. చాలా రోజులకు ఇంటి కూడు తినబోతోంది, మనసు నిండి ఉంటుంది అనుకున్నాను.

బల్ల దగ్గర నేను ప్రార్థన చెప్పాను. సాలింగ్ తన పద్ధతిలో కళ్ళు మూసుకుని తనదేదో చెప్పుకుంది. లోరెతా కూర్చోలేదు, వడ్డిస్తాను ముందు మీరు తినండి అంది. అమ్మ పళ్ళెం ముట్టలేదు. కూతురి నోటి వంకే చూస్తోంది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని సాలింగ్ ఆగింది. వేడిగా ఉందేమో అనుకున్నాను. తర్వాత నమిలి మింగింది. కలమాన్సి ఒకటి పిండుకుంది, ఇంకొకటి పిండుకుంది.

"ఎలా ఉంది ఇందాయ్?" అని కూతుర్ని అడిగింది అమ్మ.

"బాగుంది నానాయ్."

"ఉప్పు?"

"సరిపోయింది."

నాకు మాత్రం చాలా రుచిగా ఉంది. పన్సిట్ ఎలా ఉండాలో అలా ఉంది. పుట్టిన నాటి నుంచి తిన్న రుచి నాలుకకు తగిలితే అందులో ఏముందని వెతికే అవసరం ఎవరికి వస్తుంది? కొత్త బాణలి మహిమ అని లోరెతాను ఆటపట్టించాను కూడా.

సాలింగ్ పళ్ళెం ఖాళీ చేసింది. అమ్మ గరిటె ఎత్తి, "ఇంకొంచెం?" అంది, అడగడానికే భయపడుతున్నట్టు. సాలింగ్ పళ్ళెం ముందుకు చాపింది. అప్పుడు అమ్మ ముఖం చూడాలి. నాన్న పోయాక ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"ఎఫ్రాయిమ్‌కు కాస్త కట్టివ్వు లోరెతా" అన్నాను.

"వద్దు" అంది సాలింగ్, నా మాట పూర్తికాకముందే. తర్వాత నెమ్మదిగా, "శవం దగ్గర నుంచి వస్తే ఆయన ఏమీ తినరు" అంది.

మధ్యాహ్నం దాటాక పడవ రేవు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. ఎండ మండుతోంది. ఆమె గొడుగు తెరవలేదు.

"మనోంగ్, రొయ్య నీళ్ళు ఎవరు పోశారు?"

"రొయ్య నీళ్ళేంటి? కోడి నీళ్ళవి. లోరెతా నా కళ్ళ ముందే పోసింది."

"వదిన కాదు. వదిన అలా చెయ్యదు. అమ్మ చెయ్యి నుదుటికి పెట్టుకున్నప్పుడే వాసన తగిలింది. మీకోసం వేరే ఏదైనా ఒలిచిందేమో అనుకున్నా. ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. ఆ తలలు దంచి పెరిగినదాన్ని కదా."

"తెలిసీ ఎందుకు తిన్నావే?" అన్నాను.

"అమ్మ చూస్తోంది."

"ఒక ముద్ద తిని ఊరుకోవచ్చు. రెండోసారి ఎందుకు?"

ఆమె నది వైపు తిరిగింది. "బాగుంది మనోంగ్. అందుకు."

పడవ వాడు తాడు విప్పుతున్నాడు. సాలింగ్ అక్కడే నిలబడింది.

"ఆయన నమ్మి డబ్బా ఇంట్లో పెట్టమన్నారు. ఇప్పుడు వెళ్ళగానే ఎలా ఉందని అడుగుతారు. చెబుతాను, దాచలేను. ఆయన తిట్టరు కూడా. కానీ నన్నింకెప్పుడూ భోజనానికి పిలవకు. పిలిస్తే వస్తాను. వస్తే తింటాను."

"తినకపోయినా రా. వసారాలో కూర్చో, డబ్బా తెచ్చుకో, ఎప్పటిలాగే."

"ఇవాళ అంత తిన్నాక రేపు డబ్బా విప్పితే అమ్మ ముఖం చూడగలనా?" అంది. పడవెక్కి, అప్పుడు గొడుగు తెరిచింది.

నేను ఇంటికి వచ్చేసరికి లోరెతా వంటింట్లో నిలబడి ఉంది, పళ్ళెం చేతిలో, నోట్లో మొదటి ముద్ద. నా వైపు చూసింది. ఆ చూపుతో ఇక అడగాల్సింది లేకపోయింది. పెరట్లో రోలు కడిగి బోర్లించి ఉంది.

అమ్మ వసారాలో పూలు సీసాలో సర్దుతోంది.

"నానాయ్, రొయ్య రసం పోశావా?"

"పోశాను." దాచాలన్న ఆలోచనే లేదు ఆమె గొంతులో. "మాంసం ఒక్క ముక్క లేదు. మీరు పూజ నుంచి రాకముందే దంచి, గుడ్డలో రెండుసార్లు వడకట్టాను. నీళ్ళలో ఏం పాపం ఉంటుందిరా?"

"అది దానికి తెలిసిపోయింది."

"తెలియక? నా కూతురికి అది తెలియకుండా ఉంటుందా? తెలిసే తిన్నది. రెండుసార్లు తిన్నది. ఇంకా నాదే అది" అంది అమ్మ. ఒక పువ్వు కాడ తుంచి సీసాలో పెట్టింది. "వచ్చే ఆదివారం రమ్మను."

చెప్పకుండా ఉండగలిగితే ఉండేవాణ్ణి. కానీ వచ్చే ఆదివారం అమ్మ ఎదురుచూస్తూ గేటు దగ్గర కూర్చుంటుంది, ఆపై ఆదివారం కూడా కూర్చుంటుంది.

"ఇక రాదు నానాయ్. భోజనానికి పిలవొద్దంది. ఊరికే చూడ్డానికి కూడా వస్తుందని నాకు నమ్మకం లేదు."

అమ్మ చెయ్యి ఆగింది.

"ఏడుస్తూ చెప్పిందా?"

"లేదు."

"ఏడవకుండా చెప్పిందంటే రాదు" అంది.

ఆ సాయంత్రం గుడిలో జపమాల చెప్పించాలి నేను. పూసలు తిప్పుతున్నానే గాని మనసు నిలవలేదు. బాణలి కొన్నది ఒకరు, నమ్మి పంపింది ఒకరు, వడకట్టింది ఒకరు, తిన్నది ఒకరు. ఇందులో ప్రభువు ఎవరిని మందలిస్తాడు? ఎంత ఆలోచించినా నాకు ఎవరినీ వేలెత్తి చూపాలనిపించలేదు. అయినా మా బల్ల దగ్గర ఒక మనిషి తగ్గింది.

ఇంటికి వచ్చాక చూస్తే అమ్మ తన పళ్ళెం ముందు కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి ఆమె ఆ పన్సిట్ ముట్టనే లేదట. చల్లారి, పోగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వేడి చేస్తానని లోరెతా అంటే వద్దంది. ఒక పోగు తీసి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"చప్పగానే వదిలేయాల్సిందిరా" అంది. "చప్పగా ఉంటే, కొంచెం తిని, బాగుందని అబద్ధం చెప్పి, మళ్ళీ వచ్చేది."