జింజర్ పారిపోలేదు

నలభై ఏళ్లుగా ఫ్లోరిడాలో కర్ జాతి కుక్కల్ని పెంచుతున్నాను. పశువుల్ని మళ్లించడానికి, అడవి పందుల్ని కదలనివ్వకుండా ఆపి, మనిషి వచ్చేదాకా మొరగడానికి చుట్టుపక్కల వాళ్లంతా నా దగ్గరే కొంటారు. నా కుక్క పారిపోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. మొన్న శనివారం మధ్యాహ్నం, నా దగ్గర జింజర్‌ని కొనుక్కున్న కుర్రాడు కోల్బీ వచ్చి అన్నాడు.

"జింజర్ పొద్దున పందుల వెంట పడింది పెద్దమ్మా. ఇంక తిరిగి రాలేదు. పారిపోయినట్టుంది."

"వెతికావా?"

"ట్రక్కు దగ్గరే నిలబడి మూడు గంటలు ఈల వేశాను. దూరంగా ఎక్కడో మొరుగుతూనే ఉంది గానీ, ఇటు రాదే."

నాకు ఒళ్లు మండింది. వాడి ట్రక్కెక్కి, బీడుకి పోనిమ్మన్నాను. మొరుగు వినిపించిన వైపు పొదల్లోకి నడిచాం. ఓక్ చెట్టు మొదట్లో దూడంత మగపంది. దాని కోరలకు అందనంత దూరంలో జింజర్, కరవకుండా, పందిని కదలనివ్వకుండా, బొంగురుపోయిన గొంతుతో మొరుగుతోంది. కోల్బీ వెనక నుంచి వెళ్లి పంది కాళ్లకు తాడు బిగించాడు. అప్పుడు గానీ అది మొరగడం ఆపలేదు.

"మూడు గంటలుగా నిన్ను పిలుస్తోందిరా. పలకనిది నువ్వు" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. జింజర్ నా టోపీలో పోసిన నీళ్లు తాగి, వెళ్లి వాడి బూట్ల మీదే తల పెట్టి పడుకుంది. దానికి కోపమే రాలేదు. దాని వంతు కూడా నేనే తిట్టాను.