పదిహేడో బల్ల

2003 అక్టోబరులో బ్యాంకు హేమచంద్‌కు ఒక పని అప్పగించింది. మేడ్చల్ దగ్గర అత్వెల్లి దాటాక కంప్యూటర్ల యూపీఎస్‌లు తయారు చేసే ఫ్యాక్టరీ ఉంది. యజమానులు అప్పు అడిగారు. ఒక్కో యూపీఎస్ అమ్మితే కంపెనీకి నిజంగా ఎంత వస్తోందో హేమచంద్ అంచనా కట్టి చెప్పాలి.

ఫ్యాక్టరీ మేనేజరు వెంకటేశ్వరరావు కాగితం సిద్ధంగా ఉంచాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు అమ్మకాలు మూడు కోట్ల నలభై నాలుగు లక్షలు. అమ్మినవి పదిహేను వేలు. ఒక్కోదానికి 2,293 రూపాయలు.

హేమచంద్ అంతకుముందే సికింద్రాబాదులో నలుగురు డీలర్లను అడిగాడు. కంపెనీకి తాము కడుతున్నది 2,150 అని నలుగురూ చెప్పారు. అమ్మకాల సొమ్ము బ్యాంకు ఖాతాలో కనిపిస్తోంది. ఆ సొమ్ము రావాలంటే పదహారు వేలు అమ్మి ఉండాలి.

"మిగతా వెయ్యి ఎవరు చేశారండీ?"

"హాజరు పట్టీలో పదహారు మంది ఉన్నారు. వాళ్ళు చేసినవి కలిపాను. ఇంకెవరు చేస్తారండీ, దయ్యాలా?" అన్నాడు వెంకటేశ్వరరావు.

షెడ్డులో బల్లలు పదిహేడు. పదిహేడోది ఖాళీ. ఎవరు చేసిన యూపీఎస్ మూత లోపల వాళ్ళు తమ బల్ల నంబరు ముద్ర వేస్తారు. ఆ ముద్రల లెక్కన శనివారం కూలి. హేమచంద్ గోదాములో మూతలు విప్పించాడు. పదో మూత లోపల 17 అని ఉంది. పక్కన తేదీ మొన్నటిది.

పదిహేడో బల్ల భవితది. మార్చిలో షిఫ్టు దిగి రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. అక్కడే చనిపోయింది.

ముద్రల పుస్తకం విజయమ్మ దగ్గర ఉంది. పదహారు మందికీ పెద్ద ఆమే. హేమచంద్ ఆమె ఎదురుగానే పేజీలు కూడాడు.

"పదిహేడు కింద వెయ్యి ఉన్నాయి విజయమ్మ గారూ. మీలో ఎవరికీ అన్ని లేవు."

"మాకంటె ఎక్కువనా?" విజయమ్మ నవ్వబోయి ఆగింది. "బతికున్నప్పుడు గంత పని జెయ్యలే సారూ అది. ముచ్చట్లే మస్తు."

ఒక్కొక్కరు వారానికి రెండో మూడో యూపీఎస్‌ల మీద తమ ముద్ర బదులు 17 వేశారు. ఎవరెన్ని ఇచ్చారో ఒకరికొకరు చెప్పుకోలేదు. ఇచ్చినదాన్ని లెక్క పెట్టకూడదనుకున్నారు. ఆ కూలి భవిత తల్లి ఇందిరమ్మకు చేరేది.

"కాగితంల రాస్తవా?"

"రాయాలండి. తప్పు రేటు చూసి అప్పిస్తే, రేపు తీర్చలేక ఫ్యాక్టరీ మూతపడుతుంది."

"రాస్తే గా ముద్ర గుంజుకుంటరు."

"అవునండి."

విజయమ్మ పుస్తకం మూసింది. "రాస్కో. కని గామెకు నువ్వే జెప్పాలె. మాతోని గాదు."

శనివారం ఐదు గంటలకు ఇందిరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ గండయ్య కూలి కవరు ఇచ్చాడు. ఆమె విప్పలేదు. హేమచంద్‌ను ఆఫీసు మనిషి అనుకుంది.

"గీ వారం ఎన్ని జేసింది సారూ మా భవిత?"

"నలభై ఒకటి."

"పోయిన వారం కంటె ఎక్కువనే."

"అమ్మా, అవి మిగతావాళ్ళు చేశారండి."

"నాకెరుకే. పోయినోళ్లు డబ్బాలు జేస్తరా బిడ్డా? నంబరు నడుస్తాంది గద. గది సాలు."

"సోమవారం నుంచి నడవదమ్మా. నేను కాగితంలో రాశాను."

ఇందిరమ్మ కవరు అతని చేతిలో పెట్టింది. "పైసలు ఆపుమను. నంబరు ఉంచుమను."

"కుదరదమ్మా."

ఐదున్నరకు గంట మోగింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి మేడ్చల్ బస్సు ఎక్కారు. ఇందిరమ్మ పెదవులు కదులుతున్నాయి. పదహారో మనిషి విజయమ్మ. ఆమె ఇటు చూడకుండా పోయింది. బస్సు కదిలింది. గండయ్య గేటు మూయబోయాడు.

"ఆగు," అన్నది ఇందిరమ్మ. "ఇంకొకరున్నరు."

గండయ్య హేమచంద్ వైపు చూశాడు. తర్వాత గేటు వదిలి పక్కకు జరిగాడు.