గోడ పక్క చెయ్యి

ఆ బడిలో ఆమెను అందరూ చిన్న టీచర్ అనేవారు. వయసులోనూ చిన్నదే, ఉద్యోగంలోనూ చిన్నదే. సెలవులిచ్చిన రోజునే ఆమె ఉద్యోగానికీ సెలవు. బడి తెరిచాక మళ్ళీ పిలుస్తారా లేదా అన్నది పెద్ద మేడం మనసులో మాట. ఈసారి పెద్ద మేడం ఆ మాట ముందే బయటపెట్టింది. బడిని చూడడానికి ఒక పెద్దావిడ వస్తోందనీ, ఆవిడ ముందు చిన్న టీచర్ ఐదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెప్పాలనీ, అది బాగుంటే ఇక ఏటేటా పిలుపు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూడక్కర్లేదనీ చెప్పింది. పాఠం కూడా తనే ఎంచింది. 'విత్' అన్న మాట, దాని అర్థాలు, దాని వాడుక.

చిన్న టీచర్ గుండెల్లో రాయి పడింది. తను చదువుకున్న ఊరిబడిలో విత్ అంటే 'తో' అని చెప్పి, ఆ ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. అమ్మతో వచ్చాను, కత్తెరతో కోశాను, అంతవరకూ బండి బాగానే నడిచేది. గతుకులన్నీ ఆ తర్వాతే. ఒకరి మీద కోపం వచ్చినా ఇంగ్లీషులో విత్ అంటారు. రిబ్బను పెట్టుకున్న పిల్ల అనడానికీ విత్తే, మామయ్య దగ్గర ఉంటున్నాననడానికీ విత్తే. తీరా మనం 'తో' అనే చోట అది ఉండదు. అమ్మతో చెప్పాను అనడానికి పిల్లలు విత్ పెట్టి రాస్తే అది తప్పని ఆమెకు తెలుసు. ఎందుకు తప్పని అడిగితే మాత్రం నోట్లో తడి ఆరిపోయేది.

ఆ భయం లెక్కల మాస్టారు కనిపెట్టాడు. ఆయన ఎందరు పెద్దలు వచ్చి చూసినా తొణకని మనిషి. టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. ఏ ప్రశ్న వేసినా పిల్లలంతా చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. చూసేవాళ్ళకు తరగతి నిండా చేతులే కనబడతాయి. టీచరు మాత్రం కుడిచేతులనే లేపుతుంది.

"ఇందులో మోసమేముందమ్మా? రానివాణ్ణి లేపి నలుగురిలో పరువు తియ్యడం కన్నా ఇది నయం కాదూ," అన్నాడు మాస్టారు.

ఆ మాట చిన్న టీచరుకు నచ్చింది. నచ్చాలని ఉంది కాబట్టి నచ్చింది. పిల్లలకు చెబితే ఆటలా ఉందని ఎగిరి గంతేశారు. కొందరికైతే ఏ వాక్యం చెప్పాలో కూడా ముందే పంచి పెట్టేసింది.

బడి ఒక పంక్చర్ షాపు మీది అంతస్తులో ఉంది. ఆ రోజు కింద గాలి కొట్టే యంత్రం గుర్రుమంటూనే ఉంది. వచ్చినావిడ కళ్ళజోడు సవరించుకుని, పెద్ద మేడం పక్కన వెనక బెంచీ దగ్గర కూర్చుంది. ఆ బెంచీలో గోడ పక్కన ఉండేది పిచ్చుక. షాపతని కూతురు. పిడికెడంత ఉంటుందని పిల్లలు పెట్టిన పేరది. ఏడాది మొదట్లో, రాస్తుంటే దాని మోచెయ్యి తగులుతోందని పక్కపిల్ల గొడవ చేస్తే, చిన్న టీచరే దాన్ని ఎడమ చివరికి, గోడ వైపుకు మార్చింది.

పాఠం నీళ్ళ మీద పడవలా సాగిపోయింది. ఎవరితో వచ్చావని అడిగితే చేతులన్నీ లేచాయి. దేనితో కోస్తావంటే మళ్ళీ లేచాయి. కుడిచేతుల్లోంచి ఒకరిని లేపితే "ఐ కేమ్ విత్ మై మదర్" అన్నారు, మరొకరిని లేపితే "షి ఈజ్ యాంగ్రీ విత్ మీ" అన్నారు. చిన్న టీచరుకు చెమట ఆరుతోంది. గోడ పక్కన మాత్రం ఒక ఎడమచెయ్యి ప్రతి ప్రశ్నకూ అందరికన్నా ముందు లేస్తోంది. దాని వెనకాలే పిచ్చుక కూడా సగం లేస్తోంది. పాపం, ఏమీ రాదు కాబోలు అనుకుని చిన్న టీచరు చూపు దాటించేసింది.

అప్పుడు కళ్ళజోడు ఆవిడ నవ్వుతూ అంది. "ఆ గోడ పక్క పాప ఇందాకట్నుంచీ ఎత్తిన చెయ్యి దించలేదు. తనని కూడా ఓసారి అడగండి."

చిన్న టీచరుకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎడమచెయ్యి. జవాబు రాని చెయ్యి. గబగబా వెనక్కి వెళ్ళి, ఆవిడ మీదికి వంగి మెల్లగా అంది. "ఆ పాపకి బుర్రకి కాస్త ఆలస్యంగా ఎక్కుతుందండీ. అందరూ ఎత్తారని ఎత్తుతుంది."

ఆవిడ అయ్యో అన్నట్టు తలూపింది. ఎంత మెల్లగా అన్నా, మధ్యనున్నది మూరెడు దూరమే. పిచ్చుక విన్నది. ఏడవలేదు. ఎత్తిన చెయ్యి దించి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది.

చివర్లో బోర్డు మీది వాక్యాలు రాసుకోమన్నప్పుడు పిచ్చుక ఆ చెయ్యి బయటికి తీసి పెన్సిలు పట్టుకుంది. ఎడమ చెయ్యి. రోజూ రాసే చెయ్యి. చిన్న టీచరు చేతిలోని సుద్దముక్క అక్కడే ఆగిపోయింది. ఆ పిల్లను గోడ వైపు కూర్చోబెట్టింది తనే. ఏడాదంతా కళ్ళెదుట ఉన్నది, అవసరమైన ఆ ఒక్క పూట కనబడలేదు. ఇప్పుడైనా చెప్పొచ్చు. పెద్దావిడ ఇంకా కుర్చీలోనే ఉంది. చిన్న టీచరు గొంతు సవరించుకుంది. అంతే. ఆవిడ లేచి చప్పట్లు కొట్టింది, పిల్లలూ కొట్టారు.

బడి వదిలాక పిచ్చుకను ఆపి, ఏం చెబుదామనుకున్నావని అడిగింది. ఏం లేదంది ఆ పిల్ల. రెట్టించి అడిగితే నేల చూస్తూ, ఎడమచెయ్యి కాస్త చాపి, "కుడిది ఎత్తాలని మర్చిపోయా టీచర్. తెలిస్తే ఈ చెయ్యే లేస్తుంది," అంది.

లెక్కల మాస్టారు విని నెత్తి కొట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో తన పద్ధతికి ఇలాంటి గండం రాలేదన్నాడు. పాఠం గట్టెక్కింది కదా, ఇక తవ్వుకోవద్దన్నాడు. తన పేరు మాత్రం ఎక్కడా రానివ్వొద్దని మెట్లు దిగేదాకా వెంటబడి చెప్పాడు.

తవ్వుకోకుండా ఉండడానికి వీల్లేకుండా పోయింది. పెద్ద మేడం మర్నాడు పొద్దున్నే ఆమెను మెచ్చుకుని, తను ఈ బడికి వచ్చినప్పటి నుంచీ ఏ ఇంగ్లీషు పాఠంలోనూ అన్ని చేతులు చూడలేదని చెప్పింది. ఆ తర్వాత జాలిగా, ఆ గోడ పక్క పిల్లను ఇక్కడ కష్టపెట్టడం ఎందుకు, నాలుగులో కూర్చోబెడదామంది. తండ్రికి కబురు పంపానంది.

చిన్న టీచరు బయటికి వచ్చేసరికి అతను మెట్లెక్కి వస్తున్నాడు. మసి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ పక్కకు ఒదిగి దారిచ్చాడు.

"మీరేనంట కదా టీచరమ్మా, కుడిచెయ్యి అలవాటు చేసుకోమన్నది? రాత్రి అన్నం కూడా సరిగ్గా తినకుండా కూర్చుని రాసింది. ఒక్క అక్షరమూ కుదురుగా రాలేదు. అయినా వదల్లేదు. మొండిది." అతని గొంతులో గర్వం.

ఆమె ఆ మాట అననే లేదు. ఆమెకు నిలువునా సిగ్గు ముంచుకొచ్చింది. మసిచేతుల ఆ మనిషి ముఖంలోకి చూడలేక అతని గుడ్డనే చూసింది. తర్వాత అతని కన్నా ముందు వెనక్కి తిరిగి, పెద్ద మేడం గదిలోకి వెళ్ళింది.

చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు చేతుల సంగతీ, పిచ్చుకది ఎడమచేతి వాటమన్న సంగతీ, తను ఆడిన అబద్ధమూ చెప్పింది. మాస్టారి పేరు రానివ్వలేదు. పెద్ద మేడం బల్ల మీది పేపర్‌వెయిట్‌ను ఇటు తిప్పి అటు తిప్పి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే నేను చూసిన చేతులన్నీ..." అని ఆగిపోయింది. పేపర్‌వెయిట్‌ను పక్కకు నెట్టి, "నీ సంగతి సెలవుల తర్వాత చూద్దాం," అంది.

గుమ్మంలో నిలబడ్డ తండ్రి అంతా విన్నాడు. అయినా అతని ముఖం మీదే చెప్పాలనిపించి చిన్న టీచరు అటు తిరిగింది. "మీ పాపకి అన్నీ వచ్చు. రాదని నేనే అబద్ధమాడాను."

అతను కోప్పడలేదు. చేతిలోని గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచాడు.

"ఆ మాట పిల్లతో చెప్పారా?" అన్నాడు.

చెప్పలేదు. పెద్ద మేడంతో చెప్పింది, తండ్రితో చెప్పింది. అసలు వినాల్సిన మనిషి గోడ పక్కన కూర్చుని ఉంది.

తరగతికి వెళ్ళి అందరి ముందూ చెప్పింది. నిన్న పిచ్చుక గురించి తను అన్నది అబద్ధమనీ, భయపడి అన్నాననీ, ఇక కుడీ ఎడమా ఆట లేదనీ చెప్పింది. పిల్లలు ఆట పోయిందని మూలిగారు. పిచ్చుక తల ఊపింది. పెద్దవాళ్ళు ఏదైనా చెబితే ఊపాలి కాబట్టి ఊపినట్టు ఊపింది.

చిన్న టీచరు బోర్డు మీద మళ్ళీ విత్ అని రాసి, ఎవరికి ఇష్టమైన వాక్యం వాళ్ళు చెప్పండి అంది. గోడ వైపే చూస్తూ నిలబడింది. నిన్న ఆ పిల్ల నాలుక చివర ఉన్న వాక్యం ఏదో వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

పిచ్చుక చెయ్యెత్తింది. కుడిచెయ్యి. అది అలవాటు లేక వాలిపోతుంటే, మోచేతి కింద ఎడమచెయ్యి ఆనించి పట్టుకుంది.

"చెప్పమ్మా," అంది చిన్న టీచరు.

పిచ్చుక లేచి నిలబడి, నిన్న వేరే పిల్ల చెప్పి మెప్పు పొందిన వాక్యాన్నే ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"ఐ కేమ్ విత్ మై మదర్."

రోజూ ఆ పిల్ల మెట్లెక్కి ఒక్కతే వస్తుంది. చిన్న టీచరు బాగుందని చెప్పి, బోర్డు వైపు తిరిగి, రాసి ఉన్న మాట మీదే మళ్ళీ రాయసాగింది.